గుంజి చూడని పగ్గం

నారాయణఖేడ్‌లో మొగులప్పలకు కొదవ లేదు. బండి తోలేవాడు బండి మొగులప్ప. బస్సు డిపోలో పనిచేసేవాడు డిపో మొగులప్ప. గొర్రెలు కాసేవాడు గొర్ల మొగులప్ప. ఎవరి పని వాళ్ల పేరుకు ముందొచ్చి కూర్చుంది. తాళ్లు పేనే మొగులప్పకు మాత్రం అలా జరగలేదు. చిన్నతనంలో అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. అప్పటినుంచీ ఆయన గుడ్డి మొగులప్ప. చుట్టుపక్కల సగం ఎడ్లు ఆయన పేనిన పగ్గాల మీదే నడిచినా ఆ పేరు మారలేదు.

ఊరు దాన్ని తిట్టుగా అనేది కాదు. గుర్తుకోసం అనేది, అంతే. సిద్దమ్మ కూడా అంతే. ఎదురుగా ఉంటే 'అన్నా' అనేది. నల్లా దగ్గర నలుగురితో చెప్పేటప్పుడు 'మా గుడ్డి మొగులన్న' అనేది. అందులో 'మా' అన్న మాటే ఆమెకు వినిపించేది. తక్కినది నోట్లో అరిగి అరిగి రుచి లేకుండా పోయింది.

సిద్దమ్మకు ఎవరూ లేరు. పెనిమిటి మల్లప్ప, బావి పూడిక తీస్తుంటే ఒడ్డు విరిగి మీద పడి పోయాడు. పిల్లలు నిలవలేదు. పొద్దంతా కూలి, సాయంత్రం ఒక జొన్న రొట్టె. ఆ రొట్టె తట్టే చప్పుడు తప్ప ఆ ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది కాదు. పెళ్లిళ్లకు పిలిస్తే ఇంటి వెనక గిన్నెలు తోమడానికి పిలిచేవాళ్లు. పొద్దున ఎవరైనా పనిమీద బయలుదేరుతుంటే ఎదురుపడకుండా తానే సందులోకి తప్పుకునేది. ఆ తప్పుకోవడం ఎంత అలవాటైందంటే, ఎవరూ రాకపోయినా ఒక్కోసారి గోడవారగా నిలబడిపోయేది.

మొగులప్ప భార్య కాశమ్మ జ్వరంతో పోయాక తాళ్ల చక్రం ఒక వానకాలమంతా మూలన పడి ఉంది. తాడు పేనడం ఒక్కరి పని కాదు. ఒకరు ఈ చివర కూర్చుని చక్రం తిప్పాలి. ఇంకొకరు నడుముకు పుంటినార, అంటే గోగునార, చుట్టుకుని, చేతులతో నార అందిస్తూ వెనక్కి వెనక్కి నడవాలి. ఆ నడకలో ఇద్దరి మధ్య పురి సాగుతుంది. తిప్పేవాళ్లు తొందరపడితే ముడి పడుతుంది, ఏమరుపాటుగా ఉంటే సడలిపోతుంది.

సిద్దమ్మకు నడుము పట్టుకుపోయి కోతలకు వంగలేని రోజులవి. ఒకనాడు పోయి అడిగింది.

"అన్నా, చక్రం నేను తిప్పనా?"

మొగులప్ప వెంటనే ఒప్పుకోలేదు. చేతిలో నార కొసదాకా దువ్వాడు. తర్వాత అన్నాడు.

"తిప్పుదువు గని, ఒక్క ముచ్చట. వచ్చినప్పుడు పేరు చెప్పు. పోయేటప్పుడు పోతున్న అని చెప్పి పో. జనం వస్తరు, కూసుంటరు, చప్పుడు గాకుంట లేసి పోతరు. నేను గోడతోని ముచ్చట వెడుతుంట. కాశమ్మ ఉన్నప్పుడు చూసి నవ్వుతుండె. ఇప్పుడు నవ్వెటోళ్లు గూడ లేరు."

అప్పటినుంచి రోజూ సందు మొదట్లోనే గొంతెత్తి "సిద్దమ్మను, వచ్చిన" అనేది. సాయంత్రం చీర దులుపుకుంటూ "పోతున్న" అనేది. మొగులప్ప వెనక్కి నడుస్తూ నడుస్తూ సందు చివర వేపచెట్టు దాకా పోయేవాడు. అక్కడినుంచి ఆమె కూర్చున్నదీ లేనిదీ తెలియదు. నడుమ నడుమ కేకేసేవాడు.

"సిద్దమ్మా, ఉన్నవా?"

"ఉన్న!"

ఆ 'ఉన్న' అనడం కోసమే తాను పొద్దున లేస్తున్నదని సిద్దమ్మ ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు?

వారానికోసారి సంత, ఆ అంగడి నాడు తాళ్లు నెత్తిన పెట్టుకుని ఇద్దరూ పోయేవాళ్లు. కాశమ్మ బతికున్నప్పుడు ఆమె గాజుల చప్పుడు పట్టుకుని మొగులప్ప వెనక నడిచేవాడట. సిద్దమ్మ చేతులకు గాజులు లేవు. అందుకని దారిపొడుగునా మాట్లాడుతూ నడిచేది. "ఇగో ఇక్కడ మోరి ఉంది, మురికినీళ్లల్ల అడుగు వడ్తది. ఇగో బస్సు మలుగుతుంది, జర ఆగు. ఆ పిల్లకు ఎంత పెద్ద జడ ఉందన్నా!" కట్టె పట్టుకుని ఆయన్ని లాగేది కాదు. ఆయనకది నచ్చదని కాశమ్మే ఎప్పుడో చెప్పింది.

బోణి సిద్దమ్మ చేతితోనే చేయించేవాడు మొగులప్ప. మొదటి పగ్గం ఆమె చేతికిచ్చి "ఇయ్యి" అనేవాడు. మొగుడు లేనిదాని చేతి బోణి తీసుకోవడానికి ఎవరైనా తటపటాయిస్తే, "అయితే ఇంకో దగ్గర కొనుక్కోపో" అని ముఖం తిప్పుకునేవాడు.

ఆయనకు అంగడిలో ఇష్టమైనది ఒకటుంది. నార తాడును ఎవరూ ఊరికే కొనరు. ఒక కొస కాలికింద తొక్కిపట్టి గుంజుతారు. నమ్మకం కుదరకపోతే ఇంకొకణ్ణి పిలిచి ఇద్దరూ అటూ ఇటూ పట్టి గుంజుతారు. నార పచ్చిగా ఉందంటారు, పురి తక్కువైందంటారు, ధర తగ్గించమంటారు. మొగులప్ప మోకాళ్లమీద చేతులు పెట్టుకుని ఆ పెనుగులాటంతా చెవులతో వినేవాడు.

"గుంజు, గుంజు. తెగితే ఊకెనే తీస్కపో. తెగకుంటే ఇంటికివోయి నీ పెండ్లాంకు జెప్పు, నీ బలం ఎంతనో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వేవాళ్లు. గుంజేవాడు పళ్లు కొరికి ఇంకా గట్టిగా గుంజేవాడు. తాడు తెగేది కాదు.

అలాంటి అంగడిలోకి నైలాన్ తాళ్లు వచ్చాయి. ఎదురుగా వీరభద్రప్ప దుకాణంలో నీలం రంగు కట్టలు కట్టలుగా వేలాడాయి. వానకు నానవు, చీకిపోవు, చవక. మనూరు నుంచి వచ్చే రైతులు ఇటు చూసి అటే పోయేవాళ్లు.

"ఏనవ్వా సిద్దమ్మా," అని వీరభద్రప్ప తన కన్నడపు యాసలో కేకేసేవాడు. "ఇంకా నార తాళ్లేనా? మ్యూజియంల వెట్టున్రి."

ఒక అంగడికి మొగులప్పకు జ్వరం వచ్చింది. సిద్దమ్మ ఒక్కతే పోయింది. మధ్యాహ్నం దాటింది. ఎవరూ పలకరించలేదు. తాళ్లన్నీ తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి. ఇలా రెండు అంగళ్లు పోతే మొగులప్ప చక్రం ఆపేస్తాడు. చక్రం ఆగితే తన 'ఉన్న' అనే మాట కూడా ఆగిపోతుంది. ఆ భయంతో ఆమె పోయేవాళ్ల వైపు చూస్తుంటే, బోరంచ నల్లపోచమ్మకు మొక్కు తీర్చడానికి పోతున్న ఒకావిడ తాళ్ల ముందు నిమిషం ఆగింది.

సిద్దమ్మ నోటినుంచి మాట దానంతటదే జారింది.

"కండ్లు లేనోడు తల్లీ. పాపం గుడ్డోడు చీకట్ల గూసోని పేనిండు. దేవుని దగ్గరికి వోతున్నవ్, పున్నెముంటది. ఒకటి తీస్కపో."

ఆవిడ "అయ్యో" అంది. బేరమాడకుండా తీసుకుంది. వెనకాలే ఉన్న ఇంకో ఆవిడ కూడా తీసుకుంది. సిద్దమ్మకు దారి దొరికినట్టయింది. గొంతు ఇంకాస్త దీనంగా పెట్టింది. పొద్దు వాలకముందే తాళ్లన్నీ అమ్ముడుపోయాయి.

ఇంటికొచ్చి చెప్తే మొగులప్ప మంచంలో లేచి కూర్చున్నాడు.

"అన్నీ వోయినయా? గుంజి చూసిన్రా?"

"చూసిన్రు," అంది సిద్దమ్మ.

జ్వరం అప్పుడే తగ్గినట్టు ఆయన ముఖం విచ్చుకుంది. ఆ ముఖం చూసి అబద్ధమాడినందుకు ఆమెకు బాధ కూడా కలగలేదు.

మరుసటి అంగడికి ఇద్దరూ పోయారు. జనం వచ్చారు. తాడు తీసుకున్నారు, డబ్బు సిద్దమ్మ చేతిలో పెట్టారు, పోయారు. మొగులప్ప మోకాళ్లమీద చేతులు పెట్టుకుని ఎదురుచూశాడు. ఎవరూ గుంజలేదు. ఎవరూ నార పచ్చిగా ఉందనలేదు. ఒక ముసలావిడ ఆయన పక్కనే నిలబడి సిద్దమ్మను అడిగింది.

"ఈనెకు రొట్టె వెడితే తింటడా?"

"నన్నడుగు," అన్నాడు మొగులప్ప. "చెవులున్నయ్."

ముసలావిడ ఉలిక్కిపడి ఆయన చేతిలో ఒక నాణెం పెట్టి పోయింది. ఆయన ఆ చేయి ముడవలేదు. నాణెం జారి మట్టిలో పడింది.

ఇంతలో నల్లపోచమ్మ మొక్కు తీర్చుకొచ్చిన ఆవిడ మళ్లీ కనిపించింది. నవ్వుతూ దగ్గరికొచ్చింది.

"ఓ అక్కా, నీ తాడు మంచిగుంది. బట్టలు ఆరేస్తానికి దండెం గట్టిన. ఎడ్లకైతే మా ఆయన నైలాన్ది కొన్నడు గని, నువ్వు గంతగనం జెప్తివి గద, గుడ్డోని కష్టం, పున్నెమొస్తదని..."

సిద్దమ్మ కళ్లతోనే వద్దు వద్దని సైగ చేసింది. కళ్లతో చేసిన సైగ ఎవరికి అందాలో వాళ్లకే అందింది. మాట ఎవరికి అందకూడదో వాళ్లకు అందిపోయింది.

మొగులప్ప లేచాడు. మిగిలిన తాళ్లు తడిమి చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. దారిలో సిద్దమ్మ అలవాటుగా మొదలుపెట్టింది.

"ఇగో అన్నా, మోరి..."

"నువ్వు మాట్లాడకు."

కట్టె తాటిస్తూ ఒక్కడే నడిచాడు. ఆమె వెనక వెనకే, నోరు మూసుకుని, అడుగు చప్పుడు కూడా కాకుండా నడిచింది. ఒకచోట ఆయన కాలు రాయికి తగిలింది. అయినా పలకలేకపోయింది.

సందులోకి వచ్చాక ఆగాడు.

"ఏమని అమ్మినవ్?"

"అమ్ముడు వోవాలె గదన్నా. నీ మంచికే అన్న. ఊరంత అంటది, నేనంటెనే తప్పయిందా?"

"ఊరు అంటది. ఊరికి నేనేం జెప్పలే. నీకు జెప్పిన, గోడతోని ముచ్చట వెడుతుంటనని. నేను నిన్ను ఎన్నడన్న ముండమోపీ అన్ననా? నీ చేతుల బోణి వెట్టినప్పుడు, దీని మొగడు సచ్చిండు పాపం, దీని చేతితోని ఒకటి తీస్కోన్రి అన్ననా?"

సిద్దమ్మ గాజుల్లేని చేతులు కొంగులో చుట్టుకుంది.

"గుంజి చూసెటోడు నా తాడు కొంటడు. పాపం అనెటోడు నన్ను కొంటడు. రేపటిసంది రాకు."

తలుపు మూసుకున్న చప్పుడైంది.

ఆమె మళ్లీ కూలికి పోయింది. వంగలేని నడుముతో కలుపు తీసింది. తోటి ఆడవాళ్లు నవ్వుకుంటూ పాడుకుంటూ ముందుకు పోతే వెనక ఒక్కతే మిగిలిపోయేది. ఒక సాయంత్రం ఇంటి గొళ్లెం తీసి లోపల అడుగుపెడుతూ "సిద్దమ్మను, వచ్చిన" అంది. ఆ మాట ఖాళీ గోడలకు తగిలి తన దగ్గరికే వచ్చింది. గడప మీద కూలబడి చాలాసేపు కూర్చుంది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు. ముండమోపి అన్న మాట ఎందరు అన్నారో, ఎప్పుడెప్పుడు అన్నారో అన్నీ గుర్తొచ్చాయి. వాళ్లెవరూ కోపంతో అనలేదు. గుర్తుకోసమే అన్నారు.

కొన్నాళ్లకు ఆ సందు మీదుగా పోతుంటే మొగులప్ప గొంతు వినబడింది. పక్కింటి ప్రేమదాసును చక్రానికి పెట్టుకున్నాడు. ప్రేమదాసు మంచివాడే కానీ కల్లు దుకాణం తెరిచారంటే కూర్చోలేడు. ఇప్పుడు చక్రం దగ్గర ఎవరూ లేరు. మొగులప్ప దూరంగా వేపచెట్టు కింద నార పట్టుకుని నిలబడి ఉన్నాడు. పురి సడలి నేలకు వేలాడుతోంది.

"తిప్పు ప్రేమదాసూ... ఏమాయె? ఉన్నవా?"

ఈసారి గొంతెత్తి అడిగాడు. "ఉన్నవా?"

సిద్దమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చప్పుడు చేయకుండా వచ్చి కూర్చుని చక్రం తిప్పింది. పురి బిగిసింది. మొగులప్ప వెనక్కి ఒక అడుగు వేసి ఆగిపోయాడు.

"ఎవలు?"

ఆమె పలకలేదు.

"ప్రేమదాసు గింత నెమ్మదిగ తిప్పడు. ఎవలు?"

"సిద్దమ్మను."

"ఎప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే. నీకు ఆసరయితదని..."

"నోరుంది గద, అడుగుతే ఏమైతుండె? కండ్లు లేనోడంటే అందరికి గిదే. సడక్ దాటుతవా అని అడగరు, రెక్కవట్టి గుంజుకపోతరు. నేను దాటేది ఉందో లేదో ఎవలకు గావాలె?"

సిద్దమ్మ చక్రం వదిలేసి లేచింది. "పోతున్న" అంది. సందు మొదటిదాకా నడిచింది. అక్కడ ఆగింది. పోవడానికి కాళ్లు రాలేదు. వెనక్కి తిరిగి, మొదటిరోజు వచ్చినట్టే వచ్చింది.

"సిద్దమ్మను, వచ్చిన. అన్నా, చక్రం తిప్పనా?"

మొగులప్ప సడలిన పురిని చేతికి చుట్టుకున్నాడు. గాలికి వేపాకు రాలింది.

"ఇయ్యాల వద్దు," అన్నాడు చివరికి. "అంగడి నాడు వచ్చి తాళ్లు తీస్కపో. నేను రాను. ఎట్ల అమ్ముతవో నీ ఇష్టం."

ఆమె మనసు సగం విరిగింది, సగం అతుక్కుంది. "మంచిది. పోతున్న," అంది.

అంగడి నాడు తాళ్లు పరిచి కూర్చుంది. పొద్దున్నే ఒకావిడ వచ్చింది.

"గుడ్డాయన తాళ్లు గీడనేనా? ఎట్లున్నడు పాపం?"

"తాళ్ల మొగులప్ప తాళ్లు గివి. మీకు ఎడ్లున్నయా?"

"లేవు."

"బర్లు?"

"లేవు గని, పున్నెముంటదన్నరు..."

"అయితే పగ్గంతోని ఏం పని తల్లీ? గుడికి వో, పున్నెం గాడ దొరుకుతది."

ఎదుటి దుకాణంలోంచి వీరభద్రప్ప పగలబడి నవ్వాడు. "ఏనవ్వా! వచ్చిన గిరాకిని తోలుతున్నవ్, తలకాయ ఖరాబయిందా?"

పొద్దు నడినెత్తికొచ్చింది, దిగింది. పున్నెం కోసం వచ్చినవాళ్లంతా ముఖం మాడ్చుకుని పోయారు. పక్కన కూరగాయలవాళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు. ఖాళీ అవుతున్న అంగడిలో సిద్దమ్మ ఒక్కతే చుట్టలు చుట్టిన తాళ్ల మధ్య కూర్చుంది.

అప్పుడొచ్చాడు మనూరు రైతు మాణిక్యప్ప. అరచేతులు చూసుకుంటూ వచ్చాడు. నైలాన్ పగ్గం ఒరుసుకుని రెండు చేతులూ కోసుకుపోయాయి. వంగి ఒక తాడు పైకెత్తి ముక్కు చిట్లించాడు.

"గట్టిదేనా ఈ నార తాడు? నా కోడె గుంజితే నిలుస్తదా?"

"గుంజి చూడు."

"ఎవల్తోని గుంజాలె? ఎవలున్నరు గీడ?"

సిద్దమ్మ చుట్టూ చూసింది. సర్దుకునేవాళ్లే తప్ప తాడు పట్టేవాళ్లెవరూ లేరు. కొంగు నడుముకు దోపుకుని లేచి నిలబడింది.

"నాతోని."

అంగడి నడుమ ఒక ముండమోపి పరాయి మగాడితో తాడు పట్టి గుంజుతుంటే జనం గుమిగూడకుండా ఉంటారా? సిద్దమ్మ మడమలు మట్టిలో దిగబడ్డాయి, అయినా జరజర జారిపోతోంది. అది చూసి ఉండబట్టలేక వీరభద్రప్ప గల్లా వదిలి పరుగెత్తుకొచ్చి ఆమె వెనక కొస పట్టుకున్నాడు.

"ఏ మాణిక్యప్పా, ఆడమనిషి మీదనా నీ జోరు? గుంజు ఇప్పుడు!"

మాణిక్యప్ప కాలు జారి వెల్లకిలా పడ్డాడు. జనం ఈలలు వేశారు. తాడు తెగలేదు. ఆయన మట్టి దులుపుకుంటూ లేచి, సిగ్గు కప్పుకోవడానికి బేరానికి దిగాడు. నారలో పుల్లలున్నాయన్నాడు. ఈ కొసన పురి సమంగా లేదన్నాడు. పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాదన్నాడు. సిద్దమ్మ ఒక్క మాటకూ తగ్గలేదు. చివరికి ఒకటి కొన్నాడు. ఒక్కటే.

మిగిలినవన్నీ నెత్తిన పెట్టుకుని సందులోకి వచ్చింది.

"సిద్దమ్మను. వచ్చిన."

మొగులప్ప గడపలో కూర్చుని ఉన్నాడు. "ఎన్ని వోయినయ్?"

"ఒక్కటి."

ఆయన కట్టె గడప వారగా పెట్టాడు.

"అన్నా, మొన్న నీకు జ్వరమొచ్చిన నాడు గుంజి చూసిన్రని జెప్పిన. అబద్దం. ఎవలు చూడలే."

"తెల్సు." ఆయన ముఖం ఇటు తిప్పి అడిగాడు. "ఇయ్యాల?"

"చూసిండు. మనూరు మాణిక్యప్ప. గుంజి గుంజి ఎల్లెంకల వడ్డడు."

"ఇటు దిక్కు ఎవలు వట్టిన్రు?"

"నేనే. వెనకనుంచి నైలాన్ సావుకారి."

మొగులప్ప మెడ ఎత్తాడు. గొంతులో ఏదో కదిలింది, నవ్వో దగ్గో తెలియలేదు. "ఇంకేమన్నడు?"

"పుల్లలున్నయన్నడు. ఒక కొసకు పురి సక్కగ లేదన్నడు."

"నిజమే అన్నడు," అన్నాడు మొగులప్ప, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నవాడిలా. "గది ప్రేమదాసు తిప్పింది."

సిద్దమ్మ తాళ్లు దించి గోడకు తగిలించింది. ఎక్కడ తగిలించిందో చెప్పింది. తర్వాత మెల్లగా అడిగింది.

"రేపు చక్రం తిప్పనా?"

"పొద్దున జల్దీ రా. ఎండెక్కుతే నార ఎండుతది."

"పోతున్న," అంది సిద్దమ్మ.

తెల్లారి నల్లా దగ్గర అమృతమ్మ అడిగింది. "ఏమే, మళ్ల మీ గుడ్డి మొగులన్న దగ్గరికేనా?"

"తాళ్ల మొగులన్న."

"ఏ మొగులన్న?"

"తాళ్లు పేనెటాయన."

"ఆ, గదే, గుడ్డి..."

"తాళ్ల మొగులన్న," అంది సిద్దమ్మ మళ్లీ. అమృతమ్మ వింతగా చూసి బిందె ఎత్తుకుని పోయింది. ఊరు మొత్తంలో ఆ పేరు తన ఒక్కదాని నోట్లోనే ఉందని సిద్దమ్మకు తెలుసు. బిందె పక్కన పెట్టి సందులోకి నడిచింది. ఎదురుగా ఎవరో పనిమీద పోతున్నారు. ఆమె పక్కకు తప్పుకోవడం మరిచిపోయింది.

చక్రం తిరిగింది. మునుపటిలా కబుర్లేమీ లేవు. నైలాన్ తాళ్లు ఇంకా వస్తాయి. వచ్చే అంగడికి ఒక్కటి అమ్ముడుపోయినా పోవచ్చు, పోకపోయినా పోవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. మొగులప్ప నార అందిస్తూ వెనక్కి వెనక్కి నడిచి వేపచెట్టు దగ్గర చిన్నగా, మసకగా కనిపించేంత దూరం పోయాడు. నడుమ పురి బిగువుగా సన్నగా వణుకుతోంది.

చాలాసేపటికి ఆ చివరినుంచి గొంతు వచ్చింది.

"సిద్దమ్మా, ఉన్నవా?"

"ఉన్న."

ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు.